పులికాట్ తీరంలో ఇంటి కప్పు: ఏది వేయాలి, ఎవరికి అప్పగించాలి

తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల్లో ఇంటి కప్పు మార్చాలన్న ఆలోచన ఎక్కువగా కోతలయ్యాకే వస్తుంది. ధాన్యం డబ్బు చేతికొచ్చేదీ, మాడు పగిలే ఎండలు మొదలయ్యేదీ ఇంచుమించు ఒకే సమయంలో. ఆ తొందరలో రేకుల షాపులో ఏది ఉంటే అది కొని, ఎవరు ఖాళీగా ఉంటే వారితో వేయించేస్తాం. ఇంటికప్పు ఇరవై ఏళ్ళకు ఒకసారి పెట్టే ఖర్చు. ఎరువు తేడా వస్తే వచ్చే పంటకు సరిచేసుకోవచ్చు. కప్పు తేడా వస్తే ప్రతి వేసవిలో ఉక్కపోత, ప్రతి కార్తీకంలో కారడం, తుపాను వార్త విన్నప్పుడల్లా గుబులు తప్పవు.

పులికాట్ ఒడ్డున ఉండే రైతు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి ఎండ, రెండు ఉప్పుగాలి, మూడు తుపాను. కడపలోనో మదనపల్లెలోనో బాగా నిలిచిన కప్పు ఇక్కడ అంతే బాగా నిలుస్తుందని అనుకోకూడదు. చుట్టాలు చెప్పిన రేకు బ్రాండు, వారి ఊరు సముద్రానికి ఎంత దూరంలో ఉందో అడిగాకే నమ్మండి.

ఎండ ఎంత వేడి తెస్తుంది?

20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు తీసుకుందాం. కప్పు 300 చదరపు అడుగులు, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. మబ్బులేని వేసవి మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరుపై పడే ఎండ దాదాపు ఒక కిలోవాటు. ఒక కిలోవాటు ఇస్త్రీ పెట్టెలు 28 మీ కప్పుమీద పెట్టి స్విచ్చి వేసినట్టు లెక్క. తుప్పు పట్టిన రేకు గానీ, నల్లబడిన శ్లాబు గానీ అందులో 70 శాతానికి పైగా లోపలికి పీల్చుకుంటుంది. శుభ్రంగా తెల్లరంగు వేసిన కప్పు 20 నుంచి 30 శాతమే పీల్చుకుంటుంది. మిగతాది తిరిగి ఆకాశంలోకి పోతుంది. ఇంట్లో కొత్తగా ఏ యంత్రమూ పెట్టకుండా, నెల నెలా కరెంటు బిల్లు లేకుండా దొరికే తేడా ఇది.

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. కూలరు నీటిని ఆవిరి చేసి చల్లదనం ఇస్తుంది. గాలి పొడిగా ఉండే చోట అది బాగా పనిచేస్తుంది. సరస్సు పక్కన గాలిలో అప్పటికే తేమ ఎక్కువ, కాబట్టి కూలరు పెట్టినా ఒళ్ళు జిడ్డుగా ఉండడం తప్ప పెద్ద ఫలితం ఉండదు. ఏసీ పెట్టే స్తోమత అందరికీ ఉండదు. ముందు కప్పుమీద ఖర్చు పెట్టి, ఆ తర్వాతే కూలరు సంగతి ఆలోచించండి.

హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 2017లో 25 చిన్న ఇళ్ళ కప్పులమీద తెల్లని పొర పరిచి చూశారు. ఇంటి లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. రాత్రి పిల్లలు నిద్రపోవడానికీ, లేచి కూర్చోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్నే ప్రకటించింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరి. మన చిన్న ఇళ్ళకు ఎవరూ తప్పనిసరి చేయరు, మనమే చేసుకోవాలి.

ఇప్పుడున్న కప్పులు, వాటి మంచిచెడ్డలు

తాటాకు, బోద కప్పులను చిన్నచూపు చూడొద్దు. చల్లదనంలో వాటిని మించిన చౌక కప్పు లేదు. ఆకుల మధ్య చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది. అయితే రెండు మూడేళ్ళకోసారి కప్పించుకోవాలి. కప్పేవాళ్ళు ఊరికి ఒకరిద్దరే మిగిలారు. నిప్పు భయం, తుపాను భయం రెండూ ఉన్నాయి. పూరిల్లు తీసి రేకులిల్లు వేసుకున్న చాలామంది మొదటి వేసవిలోనే ‘పాత ఇల్లే నయం’ అంటారు. అందులో అబద్ధం లేదు. రేకు వేయడంతోపాటు రేకు కింద వేడిని ఆపే ఏర్పాటు చేయకపోవడమే దానికి కారణం.

సిమెంటు రేకులు, అంటే ఆస్బెస్టాస్ రేకులు, ఉప్పుగాలికి తుప్పు పట్టవు, చౌక. అందుకే తీరంలో ఇవి ఎక్కువ. కానీ ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ వస్తుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్‌కూ ఈ గుణం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కప్పుమీద కదలకుండా ఉన్న మంచి రేకుతో వచ్చే ప్రమాదం తక్కువ. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగిలినప్పుడు, పాతబడి పొడి రాలుతున్నప్పుడు ప్రమాదం ఎక్కువ. పాత రేకులు తీయించేటప్పుడు వాటిని బాగా తడిపి, పగలగొట్టకుండా ఒక్కొక్కటిగా దించాలి. మిషనుతో కోయించకూడదు. పొడిని పొడి చీపురుతో ఊడ్చకూడదు. పగిలిన ముక్కలను పశువుల పాకలో నేలకు పరచడం మన ఊళ్ళలో కనిపిస్తుంది. ఆ పని అసలు చేయవద్దు, గొడ్ల కాళ్ళ కింద నలిగి అదే పొడి లేస్తుంది. కొత్తగా వేసేవాళ్ళు ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు అడగండి. వాటి ఐఎస్ నంబరు 14871. ఆస్బెస్టాస్ రేకు నంబరు 459. రేకుమీద ముద్ర చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

ఇనుప రేకుల్లో రెండు రకాలు దొరుకుతాయి. జింకు పూత ఉన్నవి మామూలు జీఐ రేకులు. అల్యూమినియం, జింకు కలిపిన పూత ఉన్నవి కొంచెం ఖరీదు, ఉప్పుగాలికి ఎక్కువ కాలం ఆగుతాయి. రంగు రేకు అనగానే మంచి రేకు అనుకోవద్దు. రంగు కింద ఏ పూత ఉందో, అది ఎంత మందమో అసలు ప్రశ్న. మెరిసే కొత్త జీఐ రేకులో మరో చిక్కు ఉంది. అది ఎండను బాగానే తిప్పికొడుతుంది గానీ, తాగిన వేడిని త్వరగా వదలదు. అందుకే చేయి పెడితే కాలుతుంది. తెల్లరంగు తిప్పికొట్టడమూ, వదలడమూ రెండూ చేస్తుంది. రంగు రేకు కొనేట్టయితే తెలుపు, లేదంటే లేత మీగడ రంగు తీసుకోండి. ఎర్ర రేకు, నీలం రేకు చూడ్డానికి బాగుంటాయి, కింద పడుకునేది మనమే.

మంగళూరు పెంకు ఇప్పటికీ మంచి కప్పు. ఉప్పు దాన్ని ఏమీ చేయదు, పెంకుల సందుల్లో గాలి ఆడుతుంది. కొయ్య ధర, పెంకులు తిరగవేసే మనుషులు దొరకకపోవడం వల్ల తగ్గిపోయింది. మీ ఇంట్లో పాత పెంకులు మంచిగా ఉంటే పారేయకండి. వాసాలు మార్చి మళ్ళీ వాటినే ఎక్కించవచ్చు.

మిద్దె సంగతి కొంచెం వేరు. శ్లాబు పగలంతా వేడి తాగి, రాత్రి పదింటికీ పదకొండింటికీ కిందికి వదులుతుంది. రేకు పొద్దుగూకగానే చల్లబడుతుంది. కాబట్టి మిద్దెలో రాత్రి ఉక్క, రేకులింట్లో మధ్యాహ్నం మంట. కేంద్రంలోని బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇంటి కప్పు గుండా దిగే వేడికి కొలత 1.2 దాటకూడదు. పైన ఏ పొరా లేని మామూలు శ్లాబుకు అది ఇంచుమించు మూడు రెట్లు ఉంటుంది. ఆ నియమం పెద్ద స్థలాల్లో కట్టే భవనాలకే గానీ, ఉత్త శ్లాబు ఎంత బలహీనమో ఈ అంకె చెబుతుంది.

సున్నం, తెల్లరంగు

చేతిలో డబ్బు లేని ఏడాది కూడా చేయగలిగిన పని మిద్దెకు సున్నం కొట్టడం. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుతో వెనకబడతాయి. సూళ్ళూరుపేటలో పక్షుల పండుగ సందడి ముగిశాక, ఫిబ్రవరిలో పెట్టుకుంటే సరిగ్గా ఎండలకు ముందు సిద్ధమవుతుంది. మొదట పాచి గీకి, ఊడ్చి, నీళ్ళతో కడగాలి. పగుళ్ళు ఉంటే ముందు వాటిని పూడ్చాలి. సున్నాన్ని ముందురోజే తడిపి, వడగట్టి, అంటుకునేందుకు ఫెవికాల్ వంటి జిగురు కలపాలి. కప్పును కొంచెం తడిపి, పొద్దుననో సాయంత్రమో కుంచెతో రెండు మూడు పూతలు వేయాలి. మధ్యాహ్నం వేస్తే తడి వెంటనే ఆరిపోయి పొడిగా రాలుతుంది. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్ళద్దాలు లేకుండా కలపకండి. ఏటా కొట్టుకోవాల్సిందే, ఇది ఒక ఏడాది మందు. కప్పు నీళ్ళు పట్టుకునే అలవాటు ఉంటే మొదటి వాన నీళ్ళు వదిలేయండి.

ఒక్క హెచ్చరిక. ఇనుప రేకుమీద, అల్యూమినియం రేకుమీద సున్నం కొట్టవద్దు. సున్నంలోని క్షారం జింకునూ అల్యూమినియాన్నీ తినేస్తుంది. చల్లగా ఉంటుందని సున్నం కొట్టి రేకును త్వరగా చిల్లులు పడేలా చేసుకున్నట్టవుతుంది. రేకులకు ప్రైమరు వేసి, బయటి గోడలకు వాడే తెల్ల యాక్రిలిక్ రంగో, కప్పులకని అమ్మే తెల్ల పూతో వేయాలి. పూత కొనేటప్పుడు ‘ఎంత శాతం ఎండను తిప్పికొడుతుంది’ అని అడిగి, డబ్బామీదో కాగితంమీదో చూపించమనండి. వాణిజ్య భవనాల కోడు చల్లని కప్పుకు కనీసం 60 శాతం అడుగుతుంది. అంతకు తక్కువైతే అది మామూలు రంగే.

తెలుపు తెలుపుగా ఉన్నంత కాలమే పనిచేస్తుంది. దుమ్ము, పాచి, పక్షుల రెట్ట పడితే సగం గుణం పోతుంది. నేలపట్టు చుట్టుపక్కల చెట్ల కింద ఇళ్ళున్న వాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. రెట్ట పొలానికి ఎంత మేలో రేకుకు అంత కీడు. ఏడాదికి ఒకసారి, వానలు వెనకబడ్డాక కడగండి.

మిద్దెకు శాశ్వతంగా చేయాలంటే, ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పరిచి దానిపైన చదును పెంకులు అతికించే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. తెల్ల టైల్సు ముక్కలు అతికించడం చౌకలో పని. టైల్సు షాపుల్లో విరిగినవి తక్కువకే దొరుకుతాయి. ఈ పొరల బరువు శ్లాబు మోయగలదా అని మాత్రం ముందు చూపించుకోవాలి. చువ్వలు బయటపడిన శ్లాబుపైన బరువు పెంచడం ప్రాణాలతో చెలగాటం.

రేకు కింద వేసే తడక గురించి రెండు మాటలు. వెదురు తడక గానీ, చాప గానీ, ఫాల్స్ సీలింగు గానీ, రేకుకు ఆనించకుండా అర అడుగైనా ఖాళీ వదిలి, రెండు చివర్లా గాలి పోయే దారి ఉంచాలి. ఆ దారికి సన్న వల కొట్టకపోతే ఎలుకలు, వాటి వెనకే పాములు చేరతాయి. వెండిరంగు ఫాయిలు కూడా రేకుకు అంటిస్తే పనిచేయదు, దానికి ఖాళీ కావాలి. థర్మోకోల్ పలకలు త్వరగా అంటుకుని విషపు పొగ వదులుతాయి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అసలు వద్దు.

ఉప్పు

కొత్తగా శ్లాబు వేసేవాళ్ళు ఇసుక ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. సరస్సు ఒడ్డు ఇసుక, సముద్రపు ఇసుక చౌకగా వచ్చినా వద్దు. అందులోని ఉప్పు లోపలి చువ్వలను తింటుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే కింద పెచ్చులు ఊడతాయి. పదేళ్ళకే పెచ్చులూడే మిద్దెలు తీరంలో చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి మూలం ఇసుకా నీళ్ళే. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కాంక్రీటు కలపడానికి మంచినీళ్ళు ట్యాంకరుతో తెప్పించుకోండి. చువ్వలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 నియమం. క్యూరింగుకు కూడా అదే మంచినీళ్ళు వాడాలి. చువ్వకింద కవరు లోపలి ఊళ్ళలో 20 మిల్లీమీటర్లు సరిపోతుంది. తీరంలో కనీసం 30, ఉప్పుగాలి నేరుగా తగిలేచోట 45 వరకు ఉండాలి. దీనికి సిమెంటుతో చేసిన కవరు బిళ్ళలు దొరుకుతాయి. మేస్త్రీ కంకరరాయి ముక్క పెట్టి సరిపెడుతుంటే ఆపండి.

రేకుల విషయంలో ఉప్పు ముందు పట్టేది రేకును కాదు, స్క్రూను, కోసిన అంచును. మంచి రేకు కొని చౌక స్క్రూలు వేస్తే మూడో ఏడు స్క్రూ చుట్టూ చిల్లి పడుతుంది. కప్పుమీద కట్టరు మిషనుతో రేకు కోస్తే ఎగిరిన ఇనుప రజను రేకుమీద పడి, అక్కడే తుప్పు మొదలవుతుంది. కోత పని కిందే చేయించి, సాయంత్రం కప్పును మెత్తని చీపురుతో ఊడ్పించండి.

తుపాను

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానును మీ ఊళ్ళో పెద్దవాళ్ళు మరచిపోయి ఉండరు. గాలుల లెక్కకు వాడే ఐఎస్ 875 నెల్లూరుకూ చెన్నైకీ సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలి అని చెబుతుంది. మనం ఆ రెంటికీ మధ్య ఉన్నాం.

గాలి రేకును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. ఆ లాగుడు చూరు దగ్గర, మూలల్లో, కొప్పు దగ్గర ఎక్కువ. మధ్యలో ఒక గట్టు వదిలి ఒక గట్టుకు స్క్రూ వేసినా, అంచుల్లో ప్రతి గట్టుకూ వేయాలి. చూరు గోడ దాటి అడుగున్నర కన్నా ముందుకు రాకూడదు. వాలు మరీ తక్కువగా ఉంటే గాలి లాగుడు పెరుగుతుంది. 22 నుంచి 30 డిగ్రీల వాలు మంచిది. వసారా రేకులు ఇంటి రేకులకు కలపకుండా వేరుగా వేయించుకోండి. వసారా ఎగిరిపోయినా ఇంటి కప్పు మిగులుతుంది. పైపులు గోడమీద ఊరికే ఆనించి సిమెంటు పూయడం చాలదు. గోడలోకి రెండు మూడు అడుగులు దిగిన చువ్వతో బిగించాలి. రేకు పైపుకు, పైపు గోడకు, గోడ పునాదికి పట్టు ఉండాలి. ఎక్కడ పట్టు లేదో అక్కడ గాలి విడదీస్తుంది.

పని ఎవరికి అప్పగించాలి?

మన దగ్గర రేకుల పని వెల్డింగు షాపువాళ్ళూ, మిద్దె పని బేల్దారి మేస్త్రీలూ చేస్తారు. వాటర్ ప్రూఫింగ్ అంటూ ఈమధ్య టౌను నుంచి కొత్త కాంట్రాక్టర్లు వస్తున్నారు. ఎవరైనా సరే, ముగ్గురి దగ్గర రేటు అడగండి. ముగ్గురికీ ఒకే కాగితం చూపించి అడగండి. లేకపోతే ఒకరు 0.35 రేకుకు, ఒకరు 0.50 రేకుకు చెప్పిన రేట్లను పక్కపక్కన పెట్టి తక్కువది ఎంచుకుని మోసపోతాం.

ఆయన వేసిన మూడు కప్పులు చూపించమనండి. కొత్తవి వద్దు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వానల్లో తడిసినవి చూపించమనండి. అక్కడికి వెళ్ళాక ఇంటి యజమానిని కాదు, వంట చేసే ఆడవాళ్ళను అడగండి. ఎక్కడ గిన్నె పెట్టాల్సి వస్తుందో వాళ్ళకే తెలుసు. ‘పని అయ్యాక పిలిస్తే వచ్చాడా?’ అని కూడా అడగండి. మేస్త్రీ మంచి పనిమంతుడా కాదా అన్నదానికన్నా ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఎక్కువ చెబుతుంది.

కొలత దగ్గరే సగం గొడవలు. మన 20×15 ఇల్లు 300 చదరపు అడుగులు. నాలుగు వైపులా అడుగున్నర చూరు కలిపితే 23×18, అంటే 414. 22 డిగ్రీల వాలు లెక్క వేస్తే కప్పు దాదాపు 447 చదరపు అడుగులు. మీరు 300కు లెక్కకట్టుకుని కూర్చుంటే, ఆయన 447కు బిల్లు రాస్తాడు. అది మోసం కాదు, ముందు మాట్లాడుకోకపోవడం. అయితే రేకులు ఒకదానిపై ఒకటి ఎక్కే భాగాన్ని రెండుసార్లు లెక్కవేస్తే అది మోసమే. కప్పిన కొలతకు కూలి, కొన్న రేకుకు షాపు బిల్లు అని ముందే తేల్చుకోండి.

రేకు మందం కంటితో తెలియదు. తూకం వేస్తే తెలుస్తుంది. రంగు రేకులకు మామూలుగా వాడేది 4 అడుగుల వెడల్పు చుట్ట. దాంతో చేసిన 10 అడుగుల రేకు 0.50 మిల్లీమీటర్ల ఇనుమైతే 14.5 కిలోల దగ్గర తూగాలి. 0.35 అయితే 10 కిలోలకు కొంచెం పైన. ధాన్యం తూచే కాటామీద ఒక్క రేకు పెట్టి చూడండి. చెప్పిన మందానికీ తూకానికీ రెండు మూడు కిలోల తేడా వస్తే రేకులు దించనివ్వకండి. ‘మొత్తం మందం’ అంటే రంగూ పూతా కలిపి. ‘ఇనుము మందం’ వేరు. షాపువాడు ఏది చెబుతున్నాడో బిల్లుమీద రాయించుకోండి. గ్యారంటీ కాగితం ఇస్తే సముద్రానికి ఎంత దూరం వరకు వర్తిస్తుందో చదవండి. చాలా కంపెనీలు తీరానికి దగ్గరగా ఉంటే గ్యారంటీ ఇవ్వవు, లేదా కాలం తగ్గిస్తాయి.

వీలైతే సామాను మీరే మీ పేరుతో బిల్లు తీసుకుని కొనండి, కాంట్రాక్టరుకు కూలి మాత్రమే గుత్తకు ఇవ్వండి. పని మొత్తం గుత్తకు ఇస్తే తెల్లకాగితం మీదైనా రాసుకోవాలి. రేకు కంపెనీ, మందం, పూత, పైపు సైజు, పైపుల మధ్య దూరం, స్క్రూ రకం, కొలత పద్ధతి, మొదలు, ముగింపు తేదీలు, పాత రేకులు ఎవరు తీసుకుపోవాలి, కారితే ఎన్నాళ్ళవరకు ఉచితంగా సరిచేయాలి. ఇరకం దీవి వంటి చోట సామాను భీముల వారి పాళెం నుంచి పడవలో పోవాలి. పడవ కూలి ఎవరిది, దారిలో పగిలిన రేకు ఎవరిది అన్నది కూడా రాయండి. ఈ ఒక్క మాట రాయక స్నేహాలు చెడిన సందర్భాలు ఉన్నాయి.

డబ్బు పని వెనక నడవాలి, ముందు కాదు. మాట ఖాయానికి పదో వంతు, పైపులు బిగించాక కొంత, రేకులు వేశాక కొంత, చివరి పదో వంతు కప్పు పరీక్ష అయ్యాక. రేకులైతే కొప్పు దగ్గరా అతుకుల దగ్గరా పైపుతో అరగంట నీళ్ళు కొట్టి చూడండి. మిద్దె వాటర్ ప్రూఫింగ్ అయితే అంగుళం రెండంగుళాల నీళ్ళు రెండు రోజులు నిలబెట్టి కింద చెమ్మ వస్తుందేమో చూడాలి. అక్టోబరు వానల దాకా డబ్బు ఆపుతానంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు, ఒప్పుకోవాలని అడగడమూ న్యాయం కాదు. అందుకే నీళ్ళ పరీక్ష.

తుపాను వెళ్ళిన వారంలో ఊళ్ళోకి ఆటోలో వచ్చి, ‘ఇవాళ అడ్వాన్సు ఇస్తే రేపే వేస్తాం’ అనే కొత్త మనుషులకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ వారం ఇంటిమీద పట్టా కప్పుకుని గడపడమే మంచిది. నేరుగా షాపు ఎక్కడో చూసి వచ్చాక మాట్లాడండి.

పని జరిగే రోజుల్లో కప్పుపైకి ఎక్కే కూలీ కాలుజారితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందే అనుకోండి. సిమెంటు రేకుమీద నేరుగా కాలు పెట్టనివ్వకండి, పలక వేసి నడవాలి. ఇంటి పైన కరెంటు తీగ ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి సరఫరా ఆపించాకే రేకులు ఎత్తాలి. పొడవైన రేకు తీగకు తగిలితే మనిషి మిగలడు. సర్వీసు వైరు ఇనుప రేకుకు ఆనకుండా పైపు వేసి పైకెత్తించండి. వైరు తోలు ఊడి, వానలో రేకు మొత్తానికి కరెంటు పాకిన ప్రమాదాలు ప్రతి వానాకాలం వింటూనే ఉన్నాం.

మాట తప్పితే మొదట కాగితం చూపించి అడగండి. రాకపోతే రాతపూర్వకంగా నోటీసు పంపండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రెండేళ్ళలోపు వేయాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. బిల్లులు, ఫోన్‌పే రసీదులు, పని ముందూ తర్వాతా తీసిన ఫొటోలు దాచుకోండి. నోటిమాట ఒప్పందానికి కమిషన్‌లో బలం తక్కువ.

కప్పుమీద సోలారు

గట్టి మిద్దె ఉన్నవాళ్ళు పీఎం సూర్యఘర్ పథకం కూడా చూడవచ్చు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000 వరకు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. పలకల నీడ పడిన మేర మిద్దె చల్లబడడం అదనపు లాభం. జాతీయ పోర్టల్‌లో నమోదైన వెండరు దగ్గరే చేయించాలి, లేకపోతే సబ్సిడీ రాదు. పోర్టల్‌లో పేరుందో లేదో మీరే చూసుకోండి, లేదా దక్షిణ డిస్కం కార్యాలయంలో అడగండి. ముందు వాటర్ ప్రూఫింగ్, తర్వాత సోలారు. పలకలు బిగించాక కారడం మొదలైతే అన్నీ మళ్ళీ విప్పాలి. సిమెంటు రేకులమీద పలకలు పెడతామంటే ఒప్పుకోకండి.

పశువుల పాక

ఎండాకాలం పాలు తగ్గితే దాణాను అనుమానిస్తాం, పాక రేకును అనుమానించం. వేడికి గొడ్డు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి. సంకర జాతి ఆవులకు ఈ బాధ ఎక్కువ. పాక కప్పు నడిమికి ఎత్తుగా, పక్కలు తెరిచి ఉండాలి. రేకు పైభాగం తెలుపు చేసి, మార్చి నుంచి జూన్ వరకు రేకుపైన వరిగడ్డి గానీ తాటాకు గానీ పరచి తాడుతో కట్టండి. గడ్డి తడిసి రేకుమీద కుళ్ళితే తుప్పు పడుతుంది కాబట్టి వానలకు ముందే తీసేయాలి. నిప్పురవ్వ పడే పొయ్యి పాకకు దూరంగా ఉంచండి. డబ్బు ఒక కప్పుకే సరిపోయేట్టుంటే ఇంటికి రంగు ఈ ఏడాది, పాకకు గడ్డి ఈ ఏడాదే వేసేయండి. గడ్డికి ఖర్చు లేదు, కోతలయ్యాక కళ్ళం దగ్గరే ఉంటుంది.